అరుగు మీదికి పోని దూలం బెంచి

కూసో బిడ్డ. గట్ల అంచు మీద కాదు, నడుమల కూసో, ఇది ఇరిగేది కాదు. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ సొంతం కలపకు. నడుమల ఫోన్ చూసినవనుకో, మళ్ల మొదటికెళ్లి చెప్త.

నువ్వు కూసున్న ఈ బెంచి మన ఎల్లారెడ్డి పాతింటి దూలం. నా పెండ్లైన రెండో ఏడు ముసురు పట్టి వారం దినాలు ఇడవలే. వెనుక అర్ర గోడ నాని కూలింది. మన్ను మన్నుల కలిసింది గని దూలానికి ఏం కాలే, మద్ది కట్టె. మీ తాత నాయిన, అంటే మా మామ, దాని మీద చెయ్యేసి, "దీన్ని పొయ్యిల పెట్టొద్దు. అరుగు మీద కూసోను బెంచి జేపిద్దాం" అన్నడు.

వడ్లాయన వచ్చిండు. బయట వానని నడిమింట్లనే కూసోని పని జేసిండు. నాలుగు దినాలు ఇల్లంత చెక్కపొట్టు, తడి కట్టె వాసన. పువ్వులు, చిలుకలు చెక్కకు, దూలం దూలం లెక్కనే కనవడాలె అన్నడు మామ. గందుకే చూడు, జానెడు మందం బల్ల, కింద రెండు మొద్దులు, గంతే. బాడిసె దెబ్బలు గట్లనే ఉన్నయ్. చెయ్యి పెట్టు, చెరువుల గాలికి నీళ్లు కదిలినట్టు లేదా.

అయినంక నలుగురు ఎత్తిండ్రు. తలుపు కాడ ఆగింది. అడ్డం తిప్పిండ్రు, నిలువు తిప్పిండ్రు. ఆ తలుపు మనిషి వంగి పోయేటంతే ఉంటుండె. వడ్లాయన బెంచిని కొలిచిండు గని తలుపును కొలవలే. పక్కింటి అవ్వ తొంగి చూసి, "ఏనుగుకు పీట జేసినవు, ఏనుగును యాడికెళ్లి తెస్తవు" అన్నది. ఆయన తలకాయ గోక్కుంట, "వానలు పోనియ్యే అన్నా, వచ్చి ఏదన్న జేస్త" అని పోయిండు.

గట్ల మొగోళ్ల అరుగు బెంచి ఆడోళ్ల నడిమింట్ల పడ్డది. నాకేం లాభం. ఆ రోజులల్ల కోడలు అత్తమామల ముంగట ఎత్తు మీద కూసోదు, నేల మీదనే. దాన్ని తుడిచేదాన్ని, దాని చుట్టు ఊడ్చేదాన్ని, కూసునుడు మాత్రం లేదు.

పగటీలి మామ చేనుకు పోతడు, అత్త పక్కింట్ల బీడీలు చేయ పోతది. మీ నాయిన నా కడుపుల ఉన్నడు, ఏడో నెల. నడుము గుంజుతుండె. ఒకనాడు మెల్లగ దాని మీద ఒరిగిన. ఎంత సల్లగ ఉండె బిడ్డ. మా ఇంటి కప్పుల వెలుతురుకు ఇడిచిన కంత, గవాచి, దాంట్లకెళ్లి తమలపాకంత ఎండ నా పాదం మీద పడ్డది. ఆడికెళ్లి మోకాలు మీదికి, ఆడికెళ్లి కడుపు మీదికి జరిగింది. అండ్ల దుమ్ము తేలుతుండె, బంగారు నూక లెక్క. మీ నాయిన లోపల కదిలితే కింద కట్టె కదిలినట్టనిపిచ్చింది. నిజాంసాగర్ నీళ్ల మీద పడవల పోతున్నట్టు. అటెన్క దినాము పోయిన. ఒకనాడు మద్నూర్ల మా అవ్వగారింటి దాంక పోయి, జొన్నచేను వాసన చూసి తిరిగొచ్చిన. కండ్లు మూసుకుంటే చాలు.

మామ ఇంటికొచ్చేటప్పుడు వాకిట్ల దగ్గుతడు, కోడలు కొంగు సర్దుకోవాలెనని. ఆ దగ్గు ఇనంగనే దిగి చాట పట్టుకునేదాన్ని. ఒకనాడు ఇనలే, నిద్రవట్టింది. లేచేసరికి ఎండ గోడెక్కింది. తలుపులకెళ్లి చూస్తే మామ అరుగు మీద, ఉత్త నేల మీద కూసోని ఉన్నడు, వీపు ఇటు పెట్టి. వచ్చి ఎంతసేపైందో. నేను చాట చప్పుడు జేసినంక, అప్పుడు దగ్గిండు.

తెల్లారికెళ్లి ఆ దగ్గు గల్లి మలుపు కాడికెళ్లే ఇనవడేది.

వానలు పోయినంక వడ్లాయన పనిముట్ల సంచి పట్టుకొచ్చిండు. మామ ఆయనను వాకిట్లనే ఆపి ఏందో చెప్పిండు. ఆయన నవ్వుకుంట పోయిండు. "ఇగ అది ఎల్లదంట" అన్నడు మామ మా అత్తతోని. ఇరువై ఏండ్లు అరుగు మీద గోనెసంచి పరుసుకోని కూసున్నడు.

తర్వాత మీ తాత కామారెడ్డిల ఇత్తనాల దుకాణం పెట్టిండు. ఎల్లారెడ్డి ఇల్లు అమ్ముడైంది. సామాన్లన్ని ట్రాక్టర్ ఎక్కినయ్, బెంచొక్కటి మిగిలింది. మా మరిది రంపం తెచ్చిండు. "వదినె, నడుమకు కోస్తే రెండు పీటలైతయ్. నీకొకటి, మా ఇంటామెకొకటి." నేనేమనాలె. ఇన్నేండ్లు దాని మీద పండుకున్ననని చెప్పరాదు, నాదని అడుగరాదు. కొంగు నోట్ల పెట్టుకోని నిలవడ్డ. రంపం పండ్లు కట్టెకు ఆనినయ్.

మామ చేతికర్రతోని మొద్దు పక్కన కొట్టి, "గీడ సీల ఉన్నది. వెనుకకెళ్లి సుత్తెతోని కొట్టు, ఊడొస్తది. నాలుగే సీలలు" అన్నడు.

కట్టె సీలలు, కట్టె రంగుల కలిసిపోయి ఉన్నయ్. నాడు వానకు ఉబ్బి బిగుసుకున్నయంట, ఇప్పుడు ఎండి వదులైనయ్. ఊడినయ్. బల్ల ఏరు, మొద్దులు ఏరు, తలుపులకెళ్లి అలుకగ ఎల్లినయ్. మరిది సుత్తె కింద పెట్టి, "అరే బాపూ, ముందే తెలుసా నీకు. మరి గోనెసంచి మీద ఎందుకు కూసున్నవే" అన్నడు.

"అరుగు మీద గాలొస్తది. లోపల నడుము నొచ్చేటోళ్లు ఉండిరి."

నా దిక్కు చూడలే.

ఈ ఇంటికొచ్చి సీలలు మళ్ల కొట్టినం. మామ గా అంచుకు కూసున్నడు. ఇగో నువ్వు కూసున్న కాడ చెయ్యితోని తట్టి, "కూసో బిడ్డ" అన్నడు. నేను కొంగు తల మీద సర్దుకోని అత్త దిక్కు చూసిన. అత్త తల ఊపింది. ఇగ మెల్లగ…

ఆ, ఇనవడ్డది కోడలా. రొట్టెలు సల్లారితే సల్లారనియ్, వస్తున్నం. జరంత ఆగు, ఈ కథల నేనింక కూసోనే లేదు, మామ చెయ్యి ఇంక ఆడనే ఉన్నది.