మా చెల్లె జోస్యం తప్పితే తప్పు నాది

జనగామ వాళ్లంతా బాగున్నారా? ఆటో నడిపే తమ్ముడి నడుము నొప్పి తగ్గిందా? గుంతలు చూసి మెల్లగా పో అంటే వినడు. మా రాతలు దిద్దే టీచరమ్మకు షుగర్ ఎంత ఉంది? చాయలో చక్కెర మానేశానని చెప్తుంది కానీ నాకు నమ్మకం లేదు. భూపాలపల్లిలో టిఫిన్ బండి నడిపే అక్కకు మోకాళ్లు ఎలా ఉన్నాయి? ఘనపూర్ తమ్ముడు పత్తికి మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ కట్టుకుంటున్నాడా? ఇక మిగిలింది మానుకోట. మహబూబాబాద్‌ను మేము అట్లాగే పిలుస్తాం. అక్కడ ఎవరి ఆరోగ్యం అడగాలో ఆ మనిషి లేదు. మా చెల్లె పోయింది.

మధ్యాహ్నం అన్నం తిని చేయి కడుక్కుందట. ఛాతీలో పట్టినట్టుందని గోడకు ఆనుకుందట. దవాఖానకు చేరేలోపే అయిపోయింది. చెల్లె ఫోన్ నుంచే దాని కోడలు నాకు చేసింది. ఫోన్ మోగితే చాలు, నాకు ఎప్పుడూ బుగులే, లోపల ఒకటే భయం. ఎవరికో ఏదో అయిందనే ఎత్తుతాను. ఆ ఒక్కసారి మాత్రం చెల్లె నంబర్ చూసి ఏ బుగులూ లేకుండా ఎత్తాను.

నేనే ముందు పోతానని ఇంటిల్లిపాదికీ ఎన్నో ఏళ్లుగా చెప్పి పెట్టుకున్నాను. ఏ చీర కట్టాలో కూడా చెప్పాను. అందులోనూ అదే ముందు నిలబడింది. చచ్చిపోయిన చెల్లె మీద ఇదేం ఈర్ష్య అని మీరు అనుకోవచ్చు. ఈర్ష్యే. దాచిపెడితే ఈ నాలుగు ముక్కలు రాయడం దేనికి?

మేళం అభిమానులందరూ కలిసి చెల్లె జ్ఞాపకంగా చిన్న పుస్తకం వేస్తున్నారు. అక్కవి కదా, నువ్వూ రాయాలని టీచరమ్మ పట్టుబట్టింది. నేను చదివింది నాలుగో తరగతి. అక్షరాలు ఆమె దిద్దుతుంది, మాటలు మాత్రం నావే. పుస్తకం రాకముందే మన వాట్సాప్ గ్రూపులోనూ పెడుతుందట.

మా మేళం సంగతి తెలియనివాళ్ల కోసం కొంచెం చెప్తాను. గిటారు, డ్రమ్ములు, డప్పు కలిపి వాయించే నలుగురు మనుషులు వాళ్లు. జుట్టు నల్లగా ఉన్నప్పుడు మొదలుపెట్టారు, ఇప్పుడు అందరికీ తెల్లబడింది. పాడే ఆయన్ని మేమంతా పెద్దాయన అంటాం. డ్రమ్ములు కొట్టే ఆయన ఇన్నేళ్లలో ఒక్క పాటకూ నోరు తెరవలేదు. క్యాసెట్ల కాలంలో వాళ్ల పాట మోగని చాయ హోటల్ మా వైపు లేదు. ఆ తర్వాత అప్పుడొక పాట ఇప్పుడొక పాట తప్ప నిండు ఆల్బం రాలేదు. ఇప్పుడు వస్తోంది. తొమ్మిది పాటలట. అన్నిటికంటే ముందు ఒక్క పాట ఫోన్లలోకి వదులుతారట. ఆ మొదటి పాట ఏది, ఎవరు పాడతారు, దేనితో మొదలవుతుంది అని మా గ్రూపులో పొద్దున లేస్తే అదే పంచాయితీ.

ఆ పంచాయితీకి పెద్దమనిషి మా చెల్లె. గ్రూపులో అందరికీ ఆమె చిన్నవ్వ, నేను పెద్దవ్వ. ఆమె చెప్పిందంటే జరిగిందే. ఏ జాతరలో ఏ పాటతో మొదలుపెడతారో, ఏ పాటలో కొత్త వాయిద్యం వస్తుందో ముందే చెప్పేది.

"చిన్నవ్వకు చెవులు లేవు, రేడియో ఉన్నది," అనేవాడు ఆటో తమ్ముడు.

"రేడియో కాదురా, మనసు. మేళం మీద మనసు పెడితే పాటలే వచ్చి చెప్తయి," అనేది చెల్లె.

మనసూ కాదు, రేడియో కాదు. నేను.

పెద్దాయన ఉద్యోగం మీద చెల్పూర్ కరెంటు ప్లాంటుకు వచ్చి భూపాలపల్లిలోనే ఉండిపోయాడు. అక్కడే మా ఇంటికి ఎదురుగా ఉన్న షట్టర్ గదిని అద్దెకు తీసుకుని, మేళం అందులోనే పాటలు సాధన చేస్తుంది. మా అరుగు మీద కూర్చుంటే వచ్చేవాళ్లు పోయేవాళ్లు కనబడతారు. కనబడితే నాకు బుగులు. ప్రతి పొద్దున చెల్లె ఫోన్ చేసేది. బాగున్నావా అని అడిగేది కాదు.

"అక్కా, ఇయ్యాల ఏం బుగులు?"

నేను చెప్పేదాన్ని. పెద్దాయన వారం నుంచి మిర్చి బజ్జీల బండి దగ్గరికి రావడం లేదు, గొంతులో ఏదైనా గడ్డ లేచిందేమో అన్నాను. మరునాడు గ్రూపులో చెల్లె గొంతు వినిపించింది: "పెద్దాయన నూనె మానేసిండు. రాబోయేది గొంతెత్తి పాడే పాట." అట్లాగే వచ్చింది. ఇంకోసారి, పాత హార్మోనియం ఆటోలో పంపించేశారు, అన్నదమ్ముల్లా ఉన్నవాళ్లు కొట్టుకుని విడిపోతున్నారేమో అని ఏడుపు గొంతుతో చెప్పాను. "హార్మోనియం మరమ్మతుకు పోయింది, పాటలోకి వస్తది," అని చెల్లె గ్రూపులో చెప్పింది. అదీ నిజమైంది.

పరుపుల సంగతి అన్నిటికంటే పెద్దది. ఒక పొద్దున ఆ షట్టర్ ముందు ట్రాలీలో పాత పరుపులు దిగాయి. వెంటనే చెల్లెకు ఫోన్ చేశాను.

"ఎవరికో పెద్ద జబ్బే చేసిందే. ఇంట్ల పెట్టుకునే ధైర్యం లేక ఈడ పండవెడుతున్నరు."

"పరుపులు కింద ఏసిండ్రా, గోడలకు కొడుతుండ్రా? జర చూసి చెప్పు."

తొంగి చూసి వచ్చాను. "గోడలకు మేకులు కొడుతుండ్రు. మనిషి తల బాదుకోకుండనేమో!"

చెల్లె నవ్విన నవ్వు ఇప్పటికీ నా చెవిలో ఉంది. "పిచ్చి అక్కా, బయట చప్పుడు లోపలికి రాకుండ గట్ల కొడతరు. రికార్డింగు పెడుతుండ్రు! ఆల్బం వస్తది, రాసి పెట్టుకో. నీ బుగులు నాకిచ్చి నువ్వు నిమ్మలంగ ఉండు."

ఆ మాట ఆమె నాతో ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఇచ్చేదాన్ని. ఇచ్చాక నిజంగానే మనసు నిమ్మళించేది. నా దగ్గర అది బుగులు, ఆమె దగ్గరికి పోతే జోస్యం. నేను చూస్తాను, భయపడతాను. ఆమె మానుకోటలో కూర్చుని అందులోంచి పాట తీసేది. ఆ తెలివి నాకు లేదు, ఒప్పుకుంటాను. కానీ చూసిన కళ్లు మాత్రం నావే కదా!

ఆల్బం వస్తుందని మేళమే చెప్పాక, జనగామలో అభిమానులు కలుసుకున్నప్పుడు చెల్లెకు శాలువా కప్పారు. మైకు ఇచ్చారు. ఆమె మేళం గురించి మాట్లాడింది, పాత క్యాసెట్ల గురించి మాట్లాడింది, నవ్వించింది. మా అక్క అనే మాట రాలేదు. నేను రెండో వరసలో ఆమె చేతిసంచి ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాను. ఎవరో పిల్ల వచ్చి, "అవ్వా, మీరు ఆమె తోటి వచ్చిండ్రా?" అని అడిగింది. తోటి వచ్చాను బిడ్డా అన్నాను. మరేం చెప్పాలి?

తిరుగు బస్సులో చెల్లె ఆ శాలువా నా భుజం మీద వేసింది.

"చలి పెడుతుందక్కా, కప్పుకో."

"నీ శాలువా నాకెందుకు? నువ్వే కప్పుకో."

ఆమె నా మొహం చూసి కిటికీ మూసేసింది. శాలువా మా ఇద్దరి మధ్య సీటు మీద పడి ఉంది.

ఇప్పుడు అసలు సంగతి చెప్పాలి. ఇది చెప్పడానికే రాస్తున్నాను.

ఆ తర్వాత కొన్నాళ్లకు ఒక పొద్దున షట్టర్ సగం ఎత్తి ఉంది. ఉక్కపోతకు ఎత్తారేమో. లోపల పెద్దాయన కుర్చీలో ఊరకే కూర్చున్నాడు. మైకు ముందు నిలబడింది డ్రమ్ములాయన. కళ్లద్దాలు పెట్టుకుని, చేతిలో కాగితం పట్టుకుని పాడుతున్నాడు. గిటారు లేదు, డ్రమ్ము లేదు, డప్పు ఒక్కటే మెల్లగా పడుతోంది. మందికి వినిపించని గొంతు ఎట్లా ఉంటుందో నాకు తెలుసు, అందుకే ఆ పాట అయ్యేదాకా అక్కడే నిలబడ్డాను. బయటికి వచ్చినప్పుడు పెద్దాయన ఆయన వీపు మీద చెయ్యి వేసి, "ముందు నీదే పోవాలె," అన్నాడు. నా చెవులతో విన్నాను.

చెల్లె ఫోన్ చేసింది. "అక్కా, ఇయ్యాల ఏం బుగులు?"

"ఏం బుగులు లేదు."

"ఏం లేదా? షట్టర్ తీసిండ్రా?"

"తీసిండ్రు. ఎప్పటి లెక్కనే పెద్దాయన పాడుతున్నడు. గిటారు దబదబ కొడుతున్నరు."

చెల్లె అంది, "నీ గొంతుల బుగులు లేకపోతే నాకే బుగులైతుందే అక్కా."

"మంచిగున్నా కూడ నీకు కష్టమేనా?" అని ఫోన్ పెట్టేశాను.

ఈసారి ఆమె తప్పు చెప్పాలని, నేను ఒప్పు చెప్పాలని నా ఆలోచన. ఒక్కసారి, ఒక్క పాటకు, పెద్దవ్వ చెప్పింది అని మీరందరూ అనాలని. ఆ సాయంత్రమే చెల్లె గ్రూపులో చెప్పేసింది: మొదటి పాట పెద్దాయనదే, గిటారుతో మొదలవుతుంది. నేను ఫోన్ నోటి దగ్గర పెట్టుకుని రెండు రోజులు కూర్చున్నాను. ఒకవేళ నేను విన్నది తప్పైతే? నలుగురూ నవ్వితే? రేపు చెప్తా, ఎల్లుండి చెప్తా అనుకుంటుండగానే కోడలి ఫోన్ వచ్చింది.

పదకొండో రోజున ఆటో తమ్ముడు జనగామ నుంచి మానుకోటకు వచ్చాడు. వచ్చినవాళ్లందరి ముందు కళ్లు తుడుచుకుని అన్నాడు, "చిన్నవ్వ ఆఖరి మాట తప్పదు. తప్పితే ఈ మీసం తీసేస్త!"

అందరూ ఏడుపులోనే నవ్వారు. నేను లేచి బావి దగ్గరికి పోయాను.

తమ్ముడూ, మీసం పందెం వెనక్కి తీసుకో. మొదటి పాట డ్రమ్ములాయనది, డప్పుతో మొదలవుతుంది. వినకముందే చెప్పి మీ ముచ్చట చెడగొడుతున్నాను, క్షమించండి. చివరి నిమిషంలో వాళ్లు మార్చుకుంటే అది వేరే సంగతి. ఆ భయం కూడా నాకుంది. కానీ పాట వచ్చిన నాడు ఎవరూ 'పాపం, ఆఖరుకు చిన్నవ్వ లెక్క తప్పింది' అనొద్దు. ఆమె లెక్క ఎన్నడూ తప్పలేదు. ఆమెకు తప్పు చెప్పింది నేను.

ఈ ముక్క దిద్దేటప్పుడు టీచరమ్మ ఫోన్ చేసి, "ఇది ఉంచాల్నా అవ్వా? తీసేస్తే ఎవరికీ తెల్వది," అంది. ఉంచు బిడ్డా అన్నాను. చెల్లెకు తెలుసు. నా గొంతు విని పట్టుకున్న మనిషి అబద్ధాన్ని పట్టుకోలేదని ఎట్లా అనుకోను? తెలిసి కూడా ఎందుకు గ్రూపులో చెప్పిందో నేను ఎంత ఆలోచించినా తెగడం లేదు. ఇదొక్క బుగులు ఇచ్చుకోవడానికి నాకు మనిషి లేదు.

ఇంకొకటి కూడా సరిచేయాలి. మేళం మొదటి క్యాసెట్‌లో మూడో పాట మొదట్లో పెద్దాయన దగ్గు వినిపిస్తుంది. ఆ దగ్గు మీ అందరికీ ఇష్టం. అప్పట్లో మేమిద్దరం మానుకోటలో మిర్చికి తొడిమెలు తీసే పనికి పోయేవాళ్లం. పక్క రేకుల కొట్టంలో మేళం పాడి క్యాసెట్‌కు ఎక్కించేది. మా దగ్గర మిర్చి సంచి దులిపితే ఘాటు పోయి ఆయనకు దగ్గు వచ్చింది. 'ఆ సంచి దులిపింది నేనే' అని చెల్లె మీకు చెప్పేది. కాదు, నేనే అని నేను ఆమెతో కొట్లాడేదాన్ని. మొన్న గుర్తు చేసుకుంటే తెలిసింది. అంత పెద్ద గోనెసంచిని ఒక్క మనిషి దులపలేదు. చెరో కొస పట్టుకున్నాం. దగ్గు వినగానే ఆ సంచి వెనకాలే కూర్చుని, కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వాం. కళ్లల్లో నీళ్లు మిర్చికో నవ్వుకో తెలియలేదు.

పాట వచ్చేది వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు. మానుకోటలో చెల్లె ఇంట్లోనే అందరం కలిసి విందాం. కోడలిని అడిగాను, రమ్మంది. నేను శనివారమే బయల్దేరుతాను, హన్మకొండలో బస్సు మారాలి, అది దొరుకుతుందో లేదో. చప్పుడు పెద్దగా రావాలని చెల్లె ఫోన్‌ను ఒక స్టీలు గిన్నెలో నిలబెట్టి వినేది, మీరు చూసే ఉంటారు. ఆ గిన్నె కడిగి, ఆమె కూర్చునే చాప మీద పెట్టి ఉంచుతాను. నా ఫోన్‌లో చార్జింగ్ ఆగుతుందో లేదో, ఎవరో ఒకరు ఫోన్ తెండి. ఆదివారం, పది గంటలకు.