మెడలో కట్టర్

"ఎన్ని పుల్లలు?" అని అడిగింది డాక్టరమ్మ.

"పంతొమ్మిది," అన్నాను.

"ఇంకొకటి పెట్టండి."

"ఇగ పట్టదు డాక్టరమ్మా."

"ఇవాళ పట్టదు. రేపు చూడండి," అంది. లిఫ్టు తలుపు మూసుకుంది. మా ఇద్దరి మధ్య నడిచిన ఆఖరి మాటలు అవే.

ఈ పొద్దున కూడా ముఖం కడుక్కుని, డబ్బాలోంచి పుల్లలు తీసి పళ్ల మధ్య పెట్టుకున్నాను. ఐస్‌క్రీం పుల్లల్లాంటి చెక్క పుల్లలు. తడవగానే కర్ర రుచి నాలుకకు తగులుతుంది. ఆ రుచి తగిలిందంటే చాలు, సుభద్ర డాక్టరమ్మ నా ఎదురుగా పీట మీద నిలబడ్డట్టే ఉంటుంది. ఆమె పొట్టి మనిషి. ఆపరేషన్ బల్ల అందడానికి కాళ్ల కింద పీట వేసుకునేది. హైటెక్ సిటీ పక్కన ఒక దవాఖానలో విరిగిన దవడలు, పగిలిన చెంపలు, ఊడిన పళ్లు బాగుచేయడమే ఆమె పని. ఆమె పోయి ఏడాది కావస్తోంది. ఆమె దగ్గర పని నేర్చుకున్న పిల్ల డాక్టర్లు ఆమె పేరున పుస్తకం వేస్తున్నారట. "అంజమ్మా, నువ్వు కూడా చెప్పాలి," అన్నారు. నాకు సంతకం పెట్టడం వరకే వచ్చు. అందుకని నేను చెబుతుంటే మా చెల్లెలి కూతురు స్వప్న రాస్తోంది. నా గొంతు గరగరలాడుతుంది. దవడ ఆపరేషన్‌కని గొంతులో వేసిన గొట్టం తీశాక ఇక ఇలాగే ఉండిపోయింది. నా మాటను సాపు చేసి పుస్తకం భాషలో పెడతానంది స్వప్న. పెట్టు బిడ్డా, జరిగింది మాత్రం మార్చకు అన్నాను.

నేను నల్లగండ్లలో రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు చేస్తాను. మా ఆయన యాదయ్య పిండి పట్టించి తెచ్చేవాడు, నేను రొట్టెలు కొట్టేదాన్ని. ఒక వానాకాలం మధ్యాహ్నం ఇద్దరం లింగంపల్లి నుంచి పిండి సంచి బండి మీద వేసుకుని వస్తున్నాం. రోడ్డంతా నీళ్లు, గుంత కనబడలేదు. ఆయన అక్కడే పోయాడు. నాకు దవడ రెండు చోట్ల విరిగింది, ముందు పళ్లు మూడు ఊడిపోయాయి. నాకు తెలివి వచ్చేసరికి ఆయన్ని మట్టి చేసేశారు. నోరారా ఏడుద్దామంటే నోరు తెరుచుకోలేదు. పై పళ్లకు, కింది పళ్లకు తీగలు చుట్టి, రెండు వరసలనూ కలిపి బిగించేశారు. ఎముక అతుక్కునేదాకా దవడ కదలకూడదట. నా ఏడుపంతా ముక్కులోంచే పోయింది.

మూడో రోజు డాక్టరమ్మ వచ్చి నా చేతికి ఒక అద్దం ఇచ్చింది. నేను తోసేశాను. మొగుడు పోయిన దాన్ని, నాకు అద్దమెందుకు అనుకున్నాను. ఆమె అద్దం మళ్లీ నా చేతిలో పెట్టింది.

"చూసుకోండి. ఆ తీగల సందుల్లో రోజూ బ్రష్షు పెట్టి కడగాలి. మీరు చూసుకోకపోతే కడిగేదెవరండీ? నేను నల్లగండ్ల రానా?" అంది.

పక్క మంచం ఆమె నవ్వింది. నాకు కోపం వచ్చింది. ఆ కోపంలోనే అద్దంలోకి చూశాను. గుమ్మడికాయంత ముఖం, లోపల ఇనుప కంచె. ఆ రోజు నుంచి నా తీగలు నేనే కడుక్కున్నాను.

ఇంటికి పంపే రోజు తెల్లటి నాడాకు చిన్న కట్టర్ ఒకటి కట్టి నా మెడలో వేసింది. తీగలు కత్తిరించే కట్టర్. వాంతి వస్తే బయటికి పోయే దారి లేదు కదా. ముందుకు వంగి, చెంపలు లాగి కక్కాలి. ఊపిరి ఆడకపోతే పైవరసను కిందివరసను కలిపే తీగలు నాలుగూ కత్తిరించాలి. "స్నానానికి కూడా తీయొద్దు," అని చెప్పి, ఇంట్లో ఈమె పక్కన పడుకునేదెవరు అని అడిగింది. మా మరిది ముందుకొచ్చాడు.

"నేను జూస్కుంట మేడమ్."

"చూసుకుందురు గానీ, పక్కన పడుకునేదెవరండీ?"

మరిది తల గోక్కుంటూ వెనక్కి జరిగాడు. అందరూ స్వప్న వైపు చూశారు. అప్పుడు అది డిగ్రీ మొదటి సంవత్సరం. డాక్టరమ్మ తెల్లమట్టి పళ్ల సెట్టుకు తీగలు చుట్టి దాని ముందు పెట్టి, ఏడుసార్లు కత్తిరించమంది. స్వప్న చేతులు ఒకటే వణుకు.

"వణుకు పోతలేదు మేడమ్."

"పోనవసరం లేదమ్మా. వణుకుతూనే కత్తిరించు."

పదో రోజు మా ఆయన దినాలు. పెండ్లి కాని పిల్లలు అక్కడ ఉండకూడదని స్వప్నను పొద్దున్నే పక్కింటికి పంపేశారు. ఆడవాళ్లు నన్ను పీట మీద కూర్చోబెట్టారు. మా ఆయన మేనత్త ఎల్లమ్మ పెద్దది, ఆమెది కూడా ఉత్త మెడే. నా గాజులు పగలగొట్టింది, పుస్తెలు తీసింది, నల్లపూసలు తీసింది. తర్వాత ఆమె చెయ్యి నాడా మీద పడింది.

"గిదేంది, ఇనుము? ఇయ్యాల మెడల పోగు గూడ ఉండొద్దు," అంది.

నేను నాడాను రెండు చేతులతో పట్టుకున్నాను. వద్దు, అది దవాఖానది అని చెప్పబోయాను. పెదాలు వాచి ఉన్నాయి, పళ్లు బిగించి ఉన్నాయి, ఊఁ ఊఁ అనే శబ్దం తప్ప ఏమీ రాలేదు. వాళ్లకు వేరేలా అర్థమైంది.

"అయ్యో, ఇడువబుద్ధి అయితలేదు బిడ్డకు! యాదయ్యా, ఎట్ల పోయినవ్ రా!" అని ఎల్లమ్మత్త నన్ను వాటేసుకుని ఏడ్చింది. ఏడుస్తూనే నా వేళ్లు ఒక్కొక్కటీ విడదీసి కట్టర్ తీసేసింది. నా మీద ఆమెకు పగ లేదు. ప్రేమతోనే తీసింది. పుస్తెలు పక్కన పెట్టి, గాజు ముక్కలు, పూసలు, తాడు, కట్టర్ తెల్లగుడ్డలో మూట కట్టింది. సాయంత్రం నీళ్లలో వేయాలని గోడకు ఆనించి పెట్టింది.

మధ్యాహ్నం భోజనాలప్పుడు నేను కూడా ఇంత నోట్లో వేసుకోవాలన్నారు. మటన్ కూర వడగట్టి, ఆ నీళ్లు నా ఊడిన పళ్ల సందులో పోశారు. ఉత్త కడుపులో మందు బిళ్లలు, పైన ఆ కారం. ఒక్కసారిగా వాంతి తన్నుకొచ్చింది. ముందుకు వంగాను, చెంపలు లాగాను. కొంత బయటికి పోయింది, మిగతాది ముక్కులోకి, గొంతులోకి వచ్చి అడ్డం పడింది. ఊపిరి లేదు. మెడ తడుముకున్నాను, కట్టర్ లేదు. అందరూ నా వీపు చరుస్తున్నారు. మొగుడు పోయిన బాధకు మూర్ఛ వచ్చిందనుకున్నారు. అప్పుడే భోజనానికని స్వప్న లోపలికొచ్చింది.

"కట్టరేది?" అని అరిచింది.

"మూటల ఉన్నది. ముట్టకు! పెండ్లి గాని పిల్లవు, ముట్టకే!"

స్వప్న మూట విప్పేసింది. గాజు ముక్క గుచ్చుకుని వేలు తెగింది. ఆ రక్తపు వేలితోనే నా పెదవి లాగింది. చేతులు వణుకుతున్నాయి. వణుకుతూనే ఒకటి, రెండు, మూడు, నాలుగు కత్తిరించింది. నోరు తెరుచుకుంది, లోపలున్నదంతా బయట పడింది. ఆ తర్వాత వచ్చింది ఏడుపు. పది రోజుల ఏడుపు. వాడకట్టంతా వినబడిందట.

అదే సాయంత్రం దవాఖానకు పరుగెత్తాం. తిడుతుందనుకున్నాను. డాక్టరమ్మ నా నోట్లో వేలాడుతున్న తీగలు చూసింది, స్వప్న వేలికి కట్టు కట్టించింది.

"ఎన్నో తీగకు వణుకు తగ్గింది?"

"తగ్గలే మేడమ్."

"నాలుగూ సరిగ్గా తెంపావు," అంది. తర్వాత కట్టర్ ఎవరు తీశారని అడిగింది. తలుపు వెనక నిలబడ్డ ఎల్లమ్మత్త ముందుకొచ్చింది.

"నేనే తీసినమ్మా. నాకేమెరుక. నన్ను కొట్టు."

డాక్టరమ్మ పీట మీద కూలబడింది. "మిమ్మల్నెందుకండీ. ఈమె భర్త పోయాడని నాకు తెలుసు. మెడలోవి తీస్తారనీ తెలుసు, మా అమ్మకూ తీశారు. అయినా పంపేటప్పుడు ఆ మాట అడగలేదు. తప్పు నాది," అంది. అంత చదువుకున్న మనిషి అంతమంది ముందు తప్పు నాది అనడం నేను అంతకుముందు ఎన్నడూ చూడలేదు. నా దవడ మళ్లీ బిగించి, నా ఉత్త మెడలో తన చేతులతోనే కట్టర్ కట్టింది. ఒక ముడి, రెండు, మూడు. నర్సమ్మ గుడ్లప్పగించి చూసింది.

"రెండు వేస్తే జారుతుందమ్మా," అంది డాక్టరమ్మ. అని, ఎల్లమ్మత్తను పిలిచింది. "పెద్దమ్మగారూ, మీరూ రండి. మట్టి పళ్లున్నాయి, కత్తిరించి చూపించండి." ముసలామె కొంగు నడుముకు చెక్కి, అయిదుసార్లు కత్తిరించి చూపించింది.

తీగలు తీసినాక నా నోరు వేలు పట్టేంత కూడా తెరుచుకోలేదు. "మూడు నెలల్లో తెరవకపోతే కండ బిగుసుకుపోతుందండి. మళ్లీ కొయ్యాల్సి వస్తుంది. కోసినా తెరుచుకుంటుందని మాటివ్వను," అని చెప్పింది. పళ్ల మధ్య పుల్లలు దొంతర పెట్టి, రోజుకు కొంచెం పెంచుకుంటూ పోవాలి. చెవుల దాకా సలుపు. ఎవరి కోసం తెరవాలి అని మొదట్లో మానేశాను. వెళ్లినప్పుడు మాత్రం పన్నెండు పెడుతున్నానని బొంకాను. ఆమె స్కేలు పెట్టి కొలిచింది.

"పన్నెండా? ఏ పుల్లలండీ అవి, అగ్గిపుల్లలా?" అంది. నాకు సిగ్గేసింది. పొయ్యి ఎలా నడుస్తోందని అడిగింది. పోయిన వారం పిండి చేదెక్కిందని కొన్నవాళ్లు రొట్టెలు వెనక్కి తెచ్చిచ్చిన సంగతి చెప్పాను.

"మీకు తెలియలేదా?"

"నమిలితే కద తెలిసేది."

ఆమె పుల్లల కట్ట తీసి నా ఒళ్లో పెట్టింది. నా రొట్టె రుచి నాకే తెలియకుండా జనానికి అమ్ముతున్నానని అప్పుడు నాకు తగిలింది. ఆ రోజు ఎనిమిది. వారానికి పది. పిండి జల్లించేటప్పుడు, బస్సు కోసం నిలబడ్డప్పుడు, నా నోట్లో పుల్లలే. రోడ్డు మీద పిల్లలు నవ్వేవారు. నవ్వనీ అనుకున్నాను. మూడు నెలలు నిండకముందే పదిహేను పట్టాయి. మూడు పళ్లూ పెట్టించుకున్నాక ఒక జొన్నరొట్టె, ఎల్లిపాయ కారం పట్టుకెళ్లి ఆమె ముందే కొరికాను. కరకర నమిలాను. సగం ఆమెకిచ్చాను. పీట మీద నిలబడే తినేసి, "పిండి తాజాది," అంది.

అప్పటి నుంచి ప్రతి మంగళవారం నన్ను వార్డుకు పిలిచేది. దవడలు బిగించుకుని ఇంటికి పోయేవాళ్లను నేను అడగాలి. ఇంట్లో దినాలున్నాయా? మొక్కులున్నాయా? మెడలోవి, చేతివి తీసే పనులున్నాయా? డాక్టరు అడిగితే లేదంటారు, నేను అడిగితే చెబుతారు. ఒకరోజు అలా వెళ్లి వస్తుంటేనే లిఫ్టు దగ్గర ఆ పుల్లల మాట జరిగింది. తర్వాతి మంగళవారం వెళితే పీట గోడకు ఆనించి ఉంది. ఆదివారం ఇంట్లోనే గుండె ఆగిందని నర్సమ్మ చెప్పింది. నోరు తెరిచి ఏడ్చాను. ఏడ్చి, కళ్లు తుడుచుకుని, ఆ రోజు ఇంటికి పోతున్న నిజాంపేట పిల్ల మెడలో కట్టర్ కట్టాను. మూడు ముళ్లు వేశాను.

ఇరవయ్యో పుల్ల ఈ పొద్దున కూడా పట్టలేదు. కడిగి డబ్బాలో పెట్టాను. రేపు మళ్లీ పెట్టి చూస్తాను. మంగళవారాలు మానలేదు.

స్వప్నా, నీ వేలు తెగిన సంగతి రాశావా? సిగ్గుపడి దాటేశావేమో. ఏదీ, మొదటి నుంచి చదివి వినిపించు బిడ్డా, నోట్లోనే ఉండిపోయిన మాట ఇంకేదైనా ఉందేమో చూసుకుంటాను.