చూపు లేని పక్క

నా చిన్నప్పుడు, నేను నాలుగో తరగతిలో ఉండగా, మా తాత ఒక ఒంటికంటి ఆవును పలమనేరు సంతకు తోలుకుపోయాడు. వెంట నేనూ పోయాను. ఆ తర్వాత ఎన్నో ఏళ్ళు ఆ రోజు నాకు గుర్తుకే రాలేదు. ఈ నెలంతా మాత్రం అన్నం కలుపుతున్నా, బస్సు కోసం నిలబడినా అదే గుర్తుకొస్తోంది. ఎందుకో చెప్పాలంటే ముందు మా వాడి సంగతి చెప్పాలి.

మా వాడికి ఆరేళ్ళు. తిరుపతిలో మేముండే వీధి చివరి బడిలోనే ఒకటో తరగతి. మాటలు చాలా ఆలస్యంగా వచ్చాయి. ఇప్పటికీ మనం ఏదైనా అడిగితే జవాబు రాదు, మన మాటే తిరిగి మనకు వస్తుంది. బడిగంట మోగితే చెవులు మూసుకుని బెంచీ కిందికి దూరుతాడు. వెనకనుంచి ఎవరైనా భుజం మీద చెయ్యి వేస్తే ఉలిక్కిపడి కొడతాడు, ఒక్కోసారి కొరుకుతాడు. ఆ మధ్య ఒక సాయంత్రం వాడికి స్నానం చేయిస్తుంటే పిక్కల మీద బెత్తం వాతలు కనిపించాయి. ఎవరు కొట్టారో వాడు చెప్పలేడు. పక్క బెంచీలో కూర్చునే పిల్ల చెప్పింది. "వాడికి పొగరంట ఆంటీ. టీచర్ తలమీద చెయ్యి పెడితే తోసేసినాడు."

ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. మర్నాడు బడికి పోయి అడిగాను. హెడ్మాస్టరు గారు నా మాట చివరిదాకా విన్నారు. పెద్దాసుపత్రిలో డాక్టర్లకు చూపించి సర్టిఫికెట్ తెస్తే, ఇలాంటి పిల్లలకు చెప్పడం నేర్చిన టీచరు వచ్చి వాడికి విడిగా చెబుతారని, పరీక్షల్లో కూడా వెసులుబాటు ఇస్తారని, అది లేకపోతే తన చేతిలో ఏమీ లేదని అన్నారు.

సర్టిఫికెట్ అన్న మాట ఇంట్లో పడగానే మా అత్తమ్మ ముఖం మాడిపోయింది. "ఒకసారి రాసినారంటే అది వాని మొగాన రాసినట్టే అమ్మీ. రేపు పిల్లనెవురిస్తారు, ఉద్యోగమెవురిస్తారు? డాక్టరు అడిగేటివి నాలుగు నేర్పించుకోని పో. బాగా జెప్తే వాళ్ళే ఏం లేదని పంపించేస్తారు" అంది. ఆమెకు వాడంటే ప్రాణం. ఆ మాట ప్రేమతోనే అంది. నాకూ ఆ మాటే కావలసి వచ్చింది. వాడిలో ఏమీ లేదని ఎవరో ఒక పెద్ద డాక్టరు చెబితే వినాలని నాకెంత ఆశో! నేను డిగ్రీ చదివినదాన్ని. పరీక్ష అంటే దానికి తయారై పోవాలన్నదే నాకు తెలుసు. బొమ్మల కార్డులు కొన్నాను. పేరు, నాన్న పేరు, ఊరు, పిల్లి, గొడుగు, ఎరుపు, పచ్చ. పొద్దునా సాయంత్రం అదే వరస. చెప్పినప్పుడల్లా ఒక బిస్కెట్ ముక్క. వాడు నేర్చుకున్నాడు. గడగడా చెప్పసాగాడు. ఇంట్లో అందరం చప్పట్లు కొట్టాం.

అలా చప్పట్లు కొట్టిన రోజునే మొదటిసారి మా తాత ఆవు గుర్తుకొచ్చింది.

పలమనేరుకు అవతల మా ఊరు. ఇంటింటా పాడి. మా కొట్టంలో మూడు ఆవులుండేవి. మూడోది నాయన ఎక్కడో సంతలో కొనుక్కొచ్చిన ఎర్రావు. కొన్న మొదటి వారం అది మా ఇంట్లో ఎవరినీ దగ్గరకు రానివ్వలేదు. నాయన చెంబు తీసుకుని పాలు పిండడానికి కూర్చుంటే కాలు విసిరేది. చెంబు ఒక మూలకు, పాలు ఒక మూలకు. నాయనకు కోపమెక్కువ. "పొగరుబోతు ముండ" అని చింతబరికెతో బాదేవాడు. అది ఇంకా బెదిరి ఇంకా తన్నేది. నేను తలుపు వెనక నిలబడి చూసేదాన్ని. ఆ బరికె గాలిలో చేసే చప్పుడు నాకిప్పటికీ వినిపిస్తుంది.

తాత మాత్రం ఒక రోజంతా కొట్టం ముందర ఊరికే కూర్చుని దాన్ని చూశాడు. సాయంత్రం లేచి, దాని ఎడమ కంటి ముందు అరచెయ్యి ఆడించాడు. రెప్ప వేయలేదు. కుడి కంటి ముందు ఆడించాడు. తల వెనక్కి లాక్కుంది. మేము పిండడానికి కూర్చునే పక్కే దానికి చూపు లేని పక్క. చీకట్లోనుంచి ఎవరో వచ్చి పొదుగు పట్టుకుంటే ఏ ప్రాణి అయినా ఊరుకుంటుందా?

తాత దాన్ని ఎడమ పక్క గోడకు ఆనేటట్టు కట్టేశాడు. కుడి పక్కనుంచి పోవాలని, పోయేముందు రెండడుగుల దూరంలో ఆగి ఒక మాట పలకాలని ఇంట్లో అందరికీ చెప్పాడు. "నేను వస్తా ఉండానమ్మా" అని ఆయన అనేవాడు. నేనూ అదే అనేదాన్ని. తర్వాత ఆ ఆవు నా చేత్తో పిండినా కదిలేది కాదు. ఆ చింతబరికె మళ్ళీ కొట్టంలో కనిపించలేదు.

ఆ మరుసటి ఏడాది వానలు పడలేదు. బోరు ఎండిపోయింది, గడ్డి లేదు. మూడింటిలో ఒకదాన్ని అమ్మక తప్పలేదు. మిగిలిన రెండూ చూలు కట్టినవి, ఎర్రావే అమ్మకానికి పోవాలి. నేను ఏడ్చి, అన్నం మాని, చివరికి తాత, నాయనల వెంట సంతకు పోయే అనుమతి సంపాదించాను.

పలమనేరులో పొద్దున పూట చలి ఉండేది. సంతలో మంచు, పేడ, బీడీల పొగ కలిసిన వాసన. నాయన ఆవును తీసుకుపోయి ఒక పాత ప్రహరీ పక్కన, ఎడమ కన్ను గోడవైపు ఉండేటట్టు కట్టేశాడు. ఇంట్లో కట్టినట్టే. కానీ ఇంట్లో అలా కట్టడం దానికోసం, ఇక్కడ అలా కట్టడం కొనేవాళ్ళకు కనిపించకుండా ఉండడం కోసం. తొమ్మిదేళ్ళ నాకు కూడా ఆ తేడా అర్థమైంది. నాయన నావైపు చూసి, "గమ్మునుండు" అన్నాడు.

కొనేవాళ్ళు వచ్చారు. పళ్ళు చూశారు, పొదుగు చూశారు, తోక ఎత్తి చూశారు. ఒకాయనకు బాగా నచ్చింది. దళారి అప్పటికే టవలు కింద నాయన చెయ్యి పట్టుకుని వేళ్ళతో బేరమాడుతున్నాడు. తాత టీ తాగి వచ్చాడు. వచ్చినవాడు ఎవరితోనూ మాట్లాడకుండా పలుపు విప్పి, ఆవును చుట్టూ తిప్పి, దాని ఎడమ ముఖాన్ని జనం వైపు నిలబెట్టాడు.

"సూడప్పా, దీనికి ఈ కన్ను కనపడదు. ముందే జెప్తా ఉండా."

దళారి టవలు తీసి దులిపి భుజాన వేసుకున్నాడు. "ఏం పెద్దాయనా, ఆవును అమ్మను వచ్చినావా, దానికి జాతకం జెప్పను వచ్చినావా?" చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. కొనడానికి వచ్చినాయన నవ్వుతూనే పక్క ఆవు దగ్గరికి నడిచాడు.

నాయన ముఖం ఎర్రబడింది. "నోటికాడికి వచ్చింది పోగొట్టినావు గదా నాయనా. ఎవురడిగినారు నిన్ను?"

తాత గొంతు పెంచలేదు. "మనకమ్మినోడు ఈ ఒక్క మాట జెప్పింటే నీ చేతి దెబ్బలు దాని ఈపున పడుండవు గదరా. దాసిపెట్టి అమ్మితే దెబ్బలు తినేది మనం కాదు, అది."

నాయన ఆవును మళ్ళీ గోడవైపు తిప్పలేదు.

కథ అక్కడితో ముగిసి ఉంటే బాగుండేది. కానీ మధ్యాహ్నం దాటింది. ఆ కన్ను సంగతి సంతంతా పాకిపోయింది. ఎవరూ దగ్గరకు రావడం లేదు, వచ్చినవాళ్ళు వేలుపెట్టి చూపించి పోతున్నారు. నాకు తాత మీద పట్టరాని కోపం వచ్చింది. అంతలో లారీ తోలుకొచ్చిన ఇద్దరు మనుషులు అటుగా వచ్చారు. వాళ్ళు కన్ను చూడలేదు, పొదుగూ చూడలేదు. డొక్కలు నొక్కి చూశారు. కోతకు కొనేవాళ్ళే అలా నొక్కుతారని నాకు తెలుసు. ఆవు మెడ కరుచుకుని నిలబడ్డాను. నిజం చెప్పడం వల్లే దీన్ని లారీ ఎక్కిస్తారు, దాచి ఉంటే ఈపాటికి ఎవరింటికో పోయి బతికేది కదా అనుకున్నాను. ఆ రోజు నాకు పుట్టిన భయం అదే. మా వాడి విషయంలో నన్ను ఈ నెలంతా తిన్నదీ ఆ భయమే.

తాత వాళ్ళకు ఇవ్వనన్నాడు. పొద్దు వాలేదాకా అలాగే నిలబడ్డాడు. ఆయన చేతిలో పలుపు కొద్దిగా వణకడం చూశాను. ఆయనకూ భయమే.

చివరికి కుప్పం దోవలోని ఏదో పల్లెనుంచి ఒకామె వచ్చింది. నడివయసు మనిషి, కొంగు బొడ్లో దోపుకుని ఉంది. కన్ను సంగతి తాత చెప్పబోతే ఆపేసింది.

"ఇన్నాన్లే అన్నా. పాలిచ్చేది కంటితో కాదు గదా. యా పక్కనుంచి పొయ్యేది దీని కాడికి?"

పొద్దుటినుంచి ఆ ప్రశ్న అడిగినది ఆమె ఒక్కతే. తాత నావైపు తిరిగి, "నువ్వు సూపీ పాపా" అన్నాడు. నేను కుడి పక్కకు నడిచాను. రెండడుగుల దూరంలో ఆగి, "నేను వస్తా ఉండానమ్మా" అన్నాను. ఆవు చెవి ఇటు తిప్పింది. అప్పుడు పోయి మెడ మీద చెయ్యి వేశాను. ఆమె కూడా అలాగే ఆగి, అలాగే పలికి, అలాగే చెయ్యి వేసింది. నాయన ఆశించినదానికంటే తక్కువకే బేరం కుదిరింది. తర్వాత ఎప్పుడో బస్సులో కుప్పం పోతూ దోవ పక్కన ఒక వాకిట్లో ఆమెనూ, మా ఎర్రావునూ చూశాను. ఎడమ పక్క గోడకు ఆనించి కట్టి ఉంది.

ఈరోజు పొద్దున మా వాణ్ణి ఆసుపత్రికి తీసుకుపోయాము. అత్తమ్మ కూడా వచ్చింది. వరండాలో వాడు చెవులు మూసుకునే కూర్చున్నాడు. లోపలికి పిలిచాక డాక్టరమ్మ నవ్వుతూ అడిగింది. వాడు పేరు చెప్పాడు. నాన్న పేరు అడిగితే చెప్పాడు. ఊరు అడిగితే తిరుపతి అన్నాడు. ఆమె అడిగిన వరస, నేను నేర్పిన వరస ఒకటే అయ్యాయి.

"బాగానే చెప్తున్నాడే!" అంది. కలం తీసి కాగితం మీద పెట్టింది. అత్తమ్మ సంతోషంతో నా మోచెయ్యి నొక్కింది.

నేను కూడా మా నాయనలాగే వాణ్ణి గోడకు ఆనించి నిలబెట్టానని తెలుస్తూనే ఉంది. నోరు మూసుకుంటే నెలనుంచి నేను వినాలనుకున్న మాట ఇప్పుడే వినొచ్చు. తర్వాత వాడు మళ్ళీ ఆ తరగతి గదిలోకే పోతాడు.

"మేడం, వరస మార్చి అడగండి" అన్నాను.

ఆమెకు అర్థం కాలేదు. "ఇవన్నీ నేను కంఠస్థం చేయించినాను మేడం. ముందు గొడుగు చూపించండి."

ఆమె బొమ్మల పుస్తకం తెరిచి గొడుగు చూపించింది. "ఇదేంటి కన్నా?" వాడు తన పేరు చెప్పాడు. పిల్లిని చూపిస్తే వాళ్ళ నాన్న పేరు చెప్పాడు. ఎర్ర బంతి చూపిస్తే తిరుపతి అన్నాడు. చెప్పినప్పుడల్లా నావైపు చెయ్యి చాపుతున్నాడు, బిస్కెట్ ముక్క కోసం. ఆ గదిలో నేను ఏడవకుండా ఎలా నిలబడ్డానో నాకే తెలియదు.

డాక్టరమ్మ కలం పక్కన పెట్టింది. "ఇప్పుడు చెప్పండమ్మా" అంది. అన్నీ చెప్పాను. గంట సంగతి, బెంచీ కింద దూరడం, కొరకడం, బెత్తం వాతలు. వెనకనుంచి ముట్టుకుంటే భయపడతాడని, ఎదురుగా వచ్చి ముందు పేరు పెట్టి పిలిస్తే చాలా వరకు ఊరుకుంటాడని కూడా చెప్పాను. ఆమె చాలాసేపు రాసుకుంది. ఇంకో రెండు పరీక్షలున్నాయట, మళ్ళీ రమ్మంది.

బయటికి రాగానే అత్తమ్మ నా చెయ్యి పట్టుకుని ఆపింది. "ఎందుకు జెప్తివి అమ్మీ? పోయిండేది గదా, గండం." సర్టిఫికెట్ వస్తే వాడికి టీచరు దొరుకుతుందో, లేక ఆ సంతలో లాగా అందరూ వేలుపెట్టి చూపిస్తారో నాకూ తెలియదు. కుప్పం దోవ ఆమెలాంటి మనిషి ఆ బడిలో ఉంటుందని నమ్మకమేమీ లేదు. "దాసిపెడితే వాడు దెబ్బలు తింటాడత్తా" అని మాత్రం అన్నాను.

సాయంత్రం వాడు కిటికీ దగ్గర మాకు వీపు పెట్టి, సీసా మూతలు వరసగా పేర్చుకుంటున్నాడు. అత్తమ్మ పాలగ్లాసు తీసుకుని ఎప్పటిలాగే వెనకనుంచి పోబోయి ఆగిపోయింది. చుట్టూ తిరిగి వాడి ఎదురుగా పోయింది. రెండడుగుల దూరంలో నిలబడి, "నేనే నాయనా, అవ్వను. వస్తా ఉండా" అంది. వాడు తలెత్తలేదు. కానీ ఆమె తల నిమిరితే నిమరనిచ్చాడు.

మా తాత గురించి నేను ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. పొద్దున డాక్టరు గదిలో నేను చెప్పినదే విన్నది. ఇప్పుడు వాడు నిద్రపోతున్నాడు. నా భయం ఎక్కడికీ పోలేదు. ఆ రోజు తాత చేతిలో పలుపు వణికినట్టు లోపల వణుకుతూనే ఉంది. ఆయన వణుకుతూనే ఆ పలుపు విప్పాడు, ఆవును జనం వైపు తిప్పి నిలబెట్టాడు. నాకు మిగిలింది అదే. దాంతోనే రేపు బడికి పోయి, వాడి టీచరుకు ఏ పక్కనుంచి రావాలో చెప్పాలి.