దర్జీ అక్క కయాక్

ఏళ్ల తరబడి కుట్టుమిషను మీద వంగి దర్జీ అక్కకు నడుం పట్టేసింది. డాక్టరు వ్యాయామం చేయమంటే, చెరువులో కయాక్ అనే సన్నటి తెడ్డు పడవ నడపడం నేర్చుకోసాగింది. సంగతి తెలిసి తమ్ముడు గట్టు మీదికి పరుగెత్తుకొచ్చాడు.

"ఈ వయసులో నీకిదేం పిచ్చక్కా? పడవ బోల్తా పడితే ఏం చేస్తావు?"

"ముందు అదే నేర్పార్రా. చూడు."

పడవలో కూర్చున్న ఆమె లైఫ్ జాకెట్ పట్టీలు బిగించి, శిక్షకురాలు పక్కనే ఉండగా పడవను కావాలనే తిరగేసింది. తమ్ముడు నీళ్ల అంచుకు ఉరికాడు. అంతలోనే ఆమె తల పైకి తేలింది. పడవను వదలకుండా పట్టుకుని, కాళ్లాడిస్తూ మళ్లీ ఎక్కి కూర్చుంది.

"గాలి ఎక్కువైతే నేనే నీళ్లలోకి దిగను. ఒంటరిగా అసలే దిగను. నొప్పి తగ్గి కంటినిండా నిద్రపోతున్నాను, ఇక నువ్వు వద్దన్నా మానను."

ఆమె తడి జుట్టు వెనక్కి తోసుకుని, గట్టు వెంబడే తెడ్డేస్తూ సాగిపోయింది.