పొట్టేలు వద్దన్న దేవుడు

గరువుపాలెం అబ్రహాము ముప్పై ఏళ్ళు విజయవాడ–కూచిపూడి బస్సులో కండక్టరుగా చేశాడు. టికెట్లు కొట్టడం సర్కారు ఇచ్చిన ఉద్యోగమైతే, మనుషులకు పేర్లు పెట్టడం తనకు తానే ఇచ్చుకున్న ఉద్యోగం. ఉయ్యూరులో ఎక్కిన మనిషికి పామర్రులో దిగేలోపు కొత్త పేరొకటి వచ్చేది. ఆ పేరు మనిషితోపాటు బస్సు దిగి, ఇంటికి పోయి, రేషన్ కార్డులో పేరు కంటే గట్టిగా అతుక్కునేది. రిటైరై నాలుగేళ్ళు దాటింది గానీ ఈ రెండో ఉద్యోగానికి మాత్రం రిటైర్మెంటు లేకపోయింది.

గరువుపాలెంలో కాలవగట్టు పేటవాళ్ళు యూదులు. పుట్టడం అందరూ బాప్టిస్టు క్రైస్తవులుగానే పుట్టారు. అబ్రహాము కుర్రతనంలో ఇదే పేటలో ఉండే డేనియల్ వాళ్ళ నాన్న ఎక్కడెక్కడి పుస్తకాలో తిరగేసి, మన పూర్వీకులు ఇశ్రాయేలు నుంచి తప్పిపోయి వచ్చినవాళ్ళేనని తేల్చాడు. అక్కడ దారి తప్పినవాడు కృష్ణా కాలవ దాకా ఎలా వచ్చాడండీ అని అబ్రహాము అడిగితే, "నీ బస్సే ఎక్కుంటాడ్రా, ఎక్కడ దింపాలో నువ్వే మర్చిపోయుంటావు" అన్నాడాయన. పేట మొత్తం నవ్వి, ఒప్పేసుకుంది. ఆదివారం ప్రార్థన శనివారానికి మారింది. యూదులు తినకూడదన్నారు కనక పంది మాంసం వెంటనే మానేశారు. రొయ్యలు మానడానికి ఇంకో పదేళ్ళు పట్టింది. శనివారం సెలవు కావాలని అబ్రహాము డిపోలో అడిగితే పై అధికారి తల గోక్కుని, "ఆదివారమంటే యేసుప్రభువు అనుకుంటాం. శనివారమంటే వెంకటేశ్వరస్వామి గదయ్యా. నువ్వెప్పుడు మారావు?" అన్నాడు.

మొన్న ఆగస్టులో అబ్రహాముకు గుండెపోటు వచ్చింది. విజయవాడ ఆసుపత్రిలో స్టెంటు వేశారు. పక్క మంచం మీద గుడివాడ ఆసామి ఒకాయన, బతికి బయటపడితే తలనీలాలు ఇస్తాను స్వామీ అని తిరుపతి వైపు దణ్ణాలు పెడుతున్నాడు. అబ్రహాముకు తల మీద ఇవ్వడానికి ఏమీ లేదు. అందుకని కళ్ళు మూసుకుని, "దేవా, నన్ను ఇంటికి పంపించు, మచ్చలేని పొట్టేలును ఇస్తాను" అని మొక్కుకున్నాడు.

ఇంటికి వచ్చి కాస్త తేరుకోగానే మాట నిలబెట్టుకున్నాడు. గొర్రెల మంద దగ్గరికి పోయి, పెళ్ళికూతుర్ని చూసినట్టు పళ్ళు, చెవులు, నడక అన్నీ చూసి ఒక పొట్టేలును తెచ్చాడు. అది వచ్చిన పూటే ఆయన భార్య మాణిక్యం ఆరేసుకున్న మంగళగిరి చీర కొంగు నమిలేసింది. "దేవుడికి తొందరగా ఇచ్చెయ్యండి, ఇంకో చీర ఉండగానే" అందామె. అబ్రహాము దాన్ని తాడు పట్టి పేట వీధిలో నడిపించుకుంటూ ప్రార్థనలు జరిగే సమాజమందిరానికి బయల్దేరాడు. "బైబిల్లో అబ్రహాము కొడుకును బలికి తీసుకుపోయాడు, మన అబ్రహాము గారు పొట్టేలునే తెచ్చారురోయ్, వాళ్ళబ్బాయి బతికిపోయాడు" అని ఎవరో అరుగు మీద నుంచి అన్నారు.

మందిరం వరండాలో డేనియల్ పేపరు చదువుకుంటున్నాడు. హైస్కూల్లో హిందీ మాస్టారు. తండ్రి పోయాక శనివారం ప్రార్థనలు నడిపేది ఆయనే.

"ఏంటన్నా ఇది?"

"పొట్టేలు."

"అది కనపడతానే ఉంది. ఇక్కడికెందుకూ అని."

"దేవుడికి మొక్కుకున్నా. నువ్వు బలి ఇస్తావా, నన్నిమ్మంటావా?"

డేనియల్ పేపరు మడిచాడు. "మనకిప్పుడు బలులు లేవన్నా. బలి ఇవ్వాలంటే యెరూషలేములో దేవాలయం ఉండాలి. అది కూలిపోయి రెండు వేల ఏళ్ళవుతోంది."

"మళ్ళీ కట్టలేదా?"

"లేదు."

"అయితే మన అమరావతే నయం" అన్నాడు అబ్రహాము.

డేనియల్ నవ్వకుండా ఉండాలని చూసి, కుదరక, గొంతు సవరించుకున్నాడు. "హీబ్రూలో బలిని కొర్బాన్ అంటారు. ఆ మాటలో చంపడం లేదన్నా, దగ్గరికి రావడం ఉంది. దేవుడి దగ్గరికి రావడం."

"దగ్గరికి వస్తుంటే నువ్వే గదయ్యా గేటు దగ్గర ఆపావు."

"గుడి పోయాక మన పెద్దలు వేరే దారి చెప్పారు. ప్రార్థన, దానం, తెషువా. తెషువా అంటే తిరిగి రావడం. చేసిన తప్పు ఒప్పుకుని వెనక్కి రావడం."

"ఒప్పుకుంటా. దేవా, తప్పయిపోయింది. చాలా?"

"దేవుడి పట్ల చేసిన తప్పుకైతే చాలు. మనుషుల్ని నొప్పించినదాన్ని ఆయన మాఫీ చేయడన్నా. ఆ మనిషి దగ్గరికే పోయి అడగాలి. ఆ మనిషి ఊ అంటేనే ఈయన ఊ అంటాడు."

"పై ఆఫీసుకు వస్తే కింది ఆఫీసులో సంతకం పెట్టించుకు రమ్మన్నట్టుంది" అన్నాడు అబ్రహాము. "ఆ మనిషి ఊ అనకపోతే?"

"మూడుసార్లు అడగాలి. మూడోసారీ కాదంటే ఇక ఆ పాపం నీది కాదు."

ఆ మాట అబ్రహాముకు నచ్చింది. పొట్టేలును మాత్రం కోసి దానంగా పంచమన్నాడు డేనియల్. పేటలో పేదవాళ్ళెవరని విచారిస్తే, మటన్ అనేసరికి అందరూ పేదవాళ్ళే అయ్యారు.

ప్రాయశ్చిత్త దినానికి, అదే యోమ్ కిప్పూర్‌కి, ఇంకా వారం పైన ఉంది. అబ్రహాము క్షమాపణల యాత్ర మొదలుపెట్టాడు. మొదట బస్టాపు దగ్గర జయపాల్ టీ కొట్టుకు వెళ్ళాడు. జయపాల్ టీ పలచగా ఉంటుందని పూర్వం ఎప్పుడో 'కృష్ణా జలం' అని పేరు పెట్టింది ఈయనే. ఇప్పుడా కొట్టు బోర్డు మీదే ఎర్రక్షరాలతో ఆ పేరుంది.

"ఆ పేరు పెట్టినందుకు క్షమించు జయపాల్. వెనక్కి తీసుకుంటున్నా."

జయపాల్ కంగారు పడ్డాడు. "వెనక్కి తీసుకోవడమేంటండీ బాబూ. ఫోన్లో మ్యాపులో కూడా ఆ పేరే ఉంది. మీకు దణ్ణం పెడతా, టీ తాగి వెళ్ళండి." ఆ టీ ఇప్పటికీ పలచగానే ఉంది. అబ్రహాము ఏమీ అనకుండా తాగాడు.

తర్వాత బసవయ్య అనే పెద్ద రైతు దగ్గరికి వెళ్ళాడు. ఏ పనైనా రేపు రేపంటాడని ఆయన్ని 'రేపయ్య' అనేవాడు. బసవయ్య గడ్డివాము నీడలో కూర్చుని మొత్తం ఓపిగ్గా విన్నాడు. "దానికేముంది అబ్రహామూ, రేపు చూద్దాంలే" అన్నాడు.

తెరేసమ్మ దగ్గర వ్యవహారం చెడింది. తన వెనక జనం తననేమంటున్నారో ఆవిడకు ఇన్నేళ్ళుగా తెలియనే తెలియదు. అబ్రహాము క్షమాపణ అడిగిన పుణ్యాన తెలిసింది. ఆవిడ చీపురు తీసుకుని గేటు దాకా సాగనంపింది.

ఇలా తిరిగి తిరిగి ఇంటికొచ్చి, "అయిపోయింది, ఇంకెవరూ లేరు" అని మంచమెక్కబోతుంటే మాణిక్యం అడిగింది. "హెలెన్ దగ్గరికి ఎప్పుడెళ్తారు?"

అబ్రహాము మంచమెక్కి దుప్పటి ముసుగేసుకున్నాడు. ఆమెను వదిలేసింది మర్చిపోయి కాదు. మిగతావాళ్ళ దగ్గర ఎలాగోలా నవ్వుకుని బయటపడొచ్చు. హెలెన్ నవ్వదని ఆయనకు తెలుసు.

హెలెన్ మాణిక్యం అక్క కూతురు. చిన్నప్పుడు ఆ పిల్లకు పాటంటే ప్రాణం. మందిరం కొత్తగా కట్టి తెరిచిన రోజున, కొత్త పరికిణీ కట్టుకుని, అందరి ముందు నిలబడి ప్రార్థన పాట ఎత్తుకుంది. గొంతు పైకి పోయేకొద్దీ సన్నబడి కీచుమంది. రెండో చరణంలో అబ్రహాము వెనకనుంచి, "ఎవరన్నా కుక్కర్ దించండమ్మా, అన్నం మాడిపోద్ది" అన్నాడు. మందిరం గొల్లుమంది. పిల్ల చరణం మధ్యలో ఆపేసి కూర్చుంది. ఆ రోజు నుంచి కుక్కర్ హెలెన్ అయింది. పెళ్ళిచూపుల్లో కూడా, ఆ పేరు విన్న అత్తగారు, పిల్ల వంట బాగా చేస్తుంది కాబోలని సంతోషించి వెంటనే ఖాయం చేసుకుంది. హెలెన్ మళ్ళీ పాడింది లేదు. పెళ్ళయ్యాక మందిరానికి రావడమూ మానేసింది. ఇప్పుడు బెంజ్ సర్కిల్ దగ్గర సందులో లేడీస్ టైలరింగ్ షాపు నడుపుతోంది.

అబ్రహాము బస్సెక్కాడు. నవరాత్రులు కావడంతో అమ్మవారి దర్శనానికి పోయే జనంతో బస్సు కిక్కిరిసి ఉంది. షాపు దగ్గర అంతకన్నా రద్దీ. దసరా జాకెట్ల కోసం ఆడవాళ్ళు గుమ్మం దాకా నిలబడ్డారు. హెలెన్ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో చేతి కొలత సరిచేస్తోంది. అబ్రహాము జనంలోంచి మెడ చాచి, దారిలో అనుకున్నది గబగబా అనేశాడు.

"హెలెన్, నన్ను క్షమించమ్మా, క్షమించమ్మా, క్షమించమ్మా. మూడుసార్లు అడిగేశా. ఇక నీ ఇష్టం."

హెలెన్ సూదులు ఒక్కొక్కటే తీసింది. "ఏంటి బాబాయ్ ఇది, వేలంపాటా? దేనికి క్షమించాలి?"

"నీకు తెలుసుగా."

"నాకు తెలుసు. మీరు చెప్పండి."

అంతమంది ఆడవాళ్ళు ఆయన వంకే చూస్తున్నారు. అబ్రహాము జేబులోంచి బస్సు టికెట్టు తీసి మడవడం మొదలుపెట్టాడు.

"దసరా దాకా నాకు క్షమించే తీరిక లేదు బాబాయ్. పక్కకి తప్పుకోండి, ఆవిడ ట్రయల్ చూసుకోవాలి" అంది హెలెన్.

జరిగింది విని డేనియల్ తల పట్టుకున్నాడు. "మూడుసార్లంటే మూడు మాటలు కాదన్నా. మూడు రాకలు. ప్రతి రాకకీ కొంచెం మారి రావాలి."

"నువ్వు ముందే చెప్పాల్సింది. బస్సు చార్జీ దండగైంది."

పైకి అలా అన్నాడే గానీ ఆయనకు తిండి సరిగ్గా సయించలేదు. దసరాకు రెండ్రోజులుందనగా, మధ్యాహ్నం అన్నాల వేళ షాపు ఖాళీగా ఉంటుందని చూసుకుని మళ్ళీ వెళ్ళాడు. సందులోకి తిరిగేసరికి లోపల మిషను చప్పుడు, దాని కింద సన్నగా ఏదో కూనిరాగం వినిపించాయి. గుమ్మంలో ఆయన నీడ పడగానే మిషనూ ఆగింది, రాగమూ ఆగింది.

అబ్రహాము స్టూలు లాక్కుని జాకెట్ల గుట్ట పక్కన కూర్చున్నాడు. "మందిరం తెరిచిన రోజు నువ్వు పాడుతుంటే కుక్కర్ అన్నా. అందరూ నవ్వారు. నువ్వు కూర్చున్నావు" అన్నాడు. "నీ గొంతు బాగాలేదని అనలేదమ్మా. ఊరంతా నీ వంకే చూస్తోంది. నా వంక ఎవరూ చూట్టం లేదు. అందుకన్నా."

హెలెన్ కత్తెర కింద పెట్టింది. "బాగా పాడేదాన్ని కాదని నాకూ తెలుసు బాబాయ్. కానీ ఇష్టంగా పాడేదాన్ని. ఇప్పుడు ఈ మోటారు ఆన్ చేశాకే గొంతు విప్పుతా. కరెంటు పోతే నోరు మూసుకుంటా. మా ఆయనక్కూడా ఎప్పుడూ వినిపించలేదు."

అబ్రహాము ఒళ్ళో పడ్డ దారప్పోగులు ఏరుకున్నాడు.

"మీరిక్కడ నాకొక్కదానికే చెప్పారు" అంది హెలెన్. "అప్పుడన్నది మాత్రం అందరి ముందు."

ఈ ఏడు ప్రాయశ్చిత్త దినం సరిగ్గా దసరా రోజునే పడింది. ఊరంతా గారెల వాసన, పేటంతా ఉపవాసం. గుండె జబ్బున్నవాడు పస్తుండటం మన ధర్మంలోనే తప్పని డేనియల్ చెప్పడంతో అబ్రహాము తెల్లారే మాత్రలు వేసుకున్నాడు. ఖాళీ కడుపున వేయకూడదన్నారు కనక వాటితో నాలుగిడ్లీలు తిన్నాడు. తెల్ల చొక్కా వేసుకుని మందిరానికి పోయేసరికి, ఆయన పంపిన కబురందుకుని హెలెన్ వచ్చి ఆడవాళ్ళ వైపు కూర్చుని ఉంది.

మధ్యాహ్నం ప్రార్థన మధ్యలో డేనియల్ సైగ చేస్తే అబ్రహాము లేచాడు. "ఇదే గదిలో, ఈ పిల్ల పాడుతుంటే నేను ఎగతాళి చేశా. ఆ పేరు మీరంతా పట్టుకున్నారు గానీ, పెట్టింది నేనే. తప్పు నాది. ఇకనుంచి ఆ పేరు ఎవరన్నా నాకు తగులుద్ది." వెనక వరసలో ఎవరో కిసుక్కుమన్నారు. మాణిక్యం వెనక్కి తిరిగి చూసింది. కిసుకు ఆగింది.

హెలెన్ ముందుకు వచ్చి నిలబడింది. అదే పాట ఎత్తుకుంది. గొంతు వయసుతో ఏమాత్రం బాగుపడలేదు. అప్పుడు సన్నగా కీచుమనేది, ఇప్పుడు లావుగా కీచుమంటోంది. కాలవకు ఆవల దసరా పందిరిలో మైకు మోగుతోంది. హెలెన్ దాన్ని దాటి పోయింది. రెండో చరణానికి పందిట్లోవాళ్ళే మైకు తగ్గించి ఇటు చెవి పెట్టారు. మందిరంలో ఉన్న మనుషులంతా ఒక కన్ను హెలెన్ మీద, ఒక కన్ను అబ్రహాము మీద వేసి ఉంచారు. ఆయన నోటిదాకా ఒక మాట వచ్చింది. చాలా మంచి మాట, పేట ఏడాది పాటు చెప్పుకునే మాట. మింగాడు. దాని వెనకే ఇంకోటి వచ్చింది. అదీ మింగాడు. ఇడ్లీలు తిని చేసిన ఉపవాసంలో నిజంగా పస్తున్నది ఆ కాసేపే. హెలెన్ ఒక్క చరణం కూడా వదలకుండా, కళ్ళు మూసుకుని, చెమటలు కారుతుండగా చివరి దాకా పాడింది. పాట మధ్యలో ఎప్పుడో అబ్రహాముకు మాటలు రావడం ఆగిపోయింది. వింటూ కూర్చున్నాడు, అంతే.

పొద్దుగూకాక డేనియల్ పొట్టేలు కొమ్ము బూర ఊదాడు. ఉపవాసం విడిచి జనం పులిహోర గిన్నెల మీద పడ్డారు. హెలెన్ వడ్డిస్తోంది. అబ్రహాము విస్తరాకు పట్టుకుని ఆమె ముందుకు వచ్చాడు.

"ఎలా ఉంది బాబాయ్ పాట?"

ఆ రోజు అబద్ధమాడటానికి ఆయనకు మనసొప్పలేదు. "చివరి వరస దాకా వినపడిందమ్మా" అన్నాడు.

హెలెన్ నవ్వు రాకుండా పెదవి కొరుక్కుంది.

"నన్ను క్షమించావో లేదో చెప్పనే లేదు" అన్నాడాయన.

"ఇవాళ మీరు అడగలేదుగా."

అబ్రహాము చుట్టూ చూడలేదు. "క్షమించమ్మా" అన్నాడు, ఒక్కసారే.

"సరే" అంది హెలెన్. గరిటెతో ఆయన ఆకులో పులిహోర పెట్టి, "జరగండి బాబాయ్, వెనక జనం ఉన్నారు" అంది.