మహానందక్క ఇంటికి వెళ్లేవాళ్లకు ఒక మాట

నిన్న మధ్యాహ్నం సెంటర్‌లో పిల్లలకు అన్నం వడ్డిస్తుంటే ఫోన్ మోగింది. కవిత, నాతోటి టీచర్.

"మహానందక్క చనిపోయిందట."

ఏ మహానంద అని అడిగాను. నాకు తెలిసిన మహానంద ఒక్కతే. అయినా అడిగాను.

చేతిలో గరిటె అలాగే ఉంది. పిల్లలు పళ్లాలు పట్టుకుని నా మొహం చూస్తున్నారు. ఆ తర్వాత ఎలా వడ్డించానో నాకు గుర్తు లేదు.

గుండెపోటు. జహీరాబాద్ దవాఖానకు తీసుకెళ్లేలోపే అయిపోయింది.

ఇప్పటికీ నమ్మబుద్ధి కావడం లేదు.

అక్క గురించి తెలియనివాళ్లకు చెప్తున్నా. తనూ మాలాగే అంగన్‌వాడీ టీచర్. తర్వాత మా టీచర్లందరికీ ట్రైనింగ్ ఇచ్చేది. రైమ్స్, అక్షరాలు కాదు. ఏడ్చే పిల్ల పక్కన ఎలా కూర్చోవాలి, కొట్టుకునే పిల్లలతో ఏం మాట్లాడాలి, మనకే కోపమొస్తే ఏం చేయాలి... ఇవి.

ఈ పోస్ట్ పెట్టడానికి ఇంకో కారణం ఉంది.

ఇవాళా రేపూ మీలో చాలామంది ఆ ఇంటికి వెళ్తారు. అక్కడ అక్క కోడలు అశ్విని ఉంటుంది. ఆ పిల్ల గురించి ఒక మాట చెప్పాలి. దయచేసి చివరిదాకా చదవండి.

నా మొదటి ట్రైనింగ్ రోజు అక్క మమ్మల్ని కళ్లు మూసుకుని ఊపిరి మీద మనసు పెట్టమంది. న్యాల్‌కల్ నుంచీ మొగుడంపల్లి నుంచీ బస్సుల్లో నిలబడి వచ్చిన ఆడవాళ్లం. నా మనసు ఊపిరి మీద ఎక్కడుంటుంది, కోడిగుడ్ల స్టాక్ మీద ఉంది. వెనక ఒకామె ఏకంగా గురక పెట్టింది. హాలంతా నవ్వులు.

"పండనియ్యుండ్రి పాపం. ఇంట్ల ఎవలు పండనిస్తున్రు ఆమెను?" అంది అక్క.

నవ్వు ఆగిపోయింది. ఈమెవరో మన మనిషే అనిపించింది నాకు.

తర్వాత నన్ను టీచర్‌ని చేసింది, కవితను చిన్న పిల్లను చేసింది. కవిత పరిగెత్తి పడాలి, నేను ఊరుకోబెట్టాలి. ఇంతేనా అనుకున్నా. మన ఇళ్లల్లో అందరం చేసేదే చేశాను. నేలను టపటపా కొట్టి, "మా బుజ్జిని పడేస్తవా? ఇగో, కొట్టిన సూడు, ఏడ్వకు" అన్నాను. అందరూ చప్పట్లు.

"గా నేల ఏం జేసింది?" అంది అక్క.

నేలను కొట్టిన చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

"నొప్పయితె ఎవర్నో ఒకర్ని కొట్టాలె అని నేర్పినవ్. పెద్దగైనంక గూడ గదే జేస్తది."

అని వచ్చి కవిత పక్కన చతికిలబడింది. మోకాలి మీద చెయ్యి వేసి, "దెబ్బ తాకింది గదా. నేనీడ్నే ఉన్న" అంది. అంతే. వేషం వేస్తున్న కవిత నిజంగానే ఏడ్చేసింది. అక్క లేవలేదు, ఏడుపు అయ్యేదాకా కూర్చుంది.

ఇంకోసారి తన సెంటర్ గేటు దగ్గర ఇద్దరు తల్లులు జుట్లు పట్టుకునేదాకా వచ్చారు. ఒకామె కొడుకు ఇంకొకామె బిడ్డను కొరికాడు. అక్క ఇద్దరికీ నీళ్లిచ్చి కూర్చోబెట్టి ఒక్క షరతు పెట్టింది. "నీ మాట తర్వాత. ఆమె ఏమన్నదో ముందుగాల నువ్వు చెప్పు."

కొరికినవాడి తల్లి, "రాత్రంత బిడ్డ ఏడ్సిందంటున్నది..." అని మొదలుపెట్టి అక్కడే ఆగిపోయింది. ఆ తర్వాత ఆమె దగ్గర గొడవ పడటానికి ఏమీ మిగల్లేదు.

అలాంటి మనిషి ఇంట్లో నిన్న ఏం జరిగిందో చెప్తాను.

నేను వెళ్లేసరికి అక్కను బయట పడుకోబెట్టారు. చుట్టాలు, టీచర్లు, పిల్లల తల్లులు. అక్క పెద్దమ్మ గట్టిగా అంటోంది, "పొద్దుగాల నొప్పని చెప్తె గ్యాస్ గోలి ఇచ్చిందట కోడలు. అప్పుడే దవాఖానకు తీస్కపోతె బతుకుతుండె."

అందరూ అశ్విని వైపు తిరిగారు. గోడకు ఆనుకుని నిలబడింది. పెళ్లై రెండేళ్లు కూడా కాలేదు.

"కంట్ల నీళ్లు గూడ లేవు సూడు" అని ఇంకెవరో.

మా అందరికీ నొప్పిగా ఉంది. కొట్టడానికి ఏదో ఒకటి కావాలి. ఆ పిల్ల దొరికింది.

నేను వెళ్లి అశ్వినిని కూర్చోబెట్టి పక్కన కూర్చున్నాను. "నేనే ఇచ్చినక్కా గోలి" అంది, చాలా మెల్లగా.

అప్పుడు అందరికీ వినబడేలా చెప్పాను.

"పొద్దుగాల అక్క నాక్కూడ ఫోన్ జేసింది. ఛాతిల మంటగుంది, గ్యాస్ అయినట్టుంది, కోడలు గోలి ఇచ్చింది అన్నది. నేనేమన్ననో తెల్సా? జర మజ్జిగ తాగు, తగ్గుతది అన్న. అక్క గూడ గ్యాసే అనుకున్నది. ముగ్గురం అట్లనే అనుకున్నం."

పెద్దమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. అప్పటిదాకా ఏడవని అశ్విని నా భుజం పట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. అక్క చివరిసారి నాతో మాట్లాడిన మాటకు నేను ఇచ్చిన జవాబు మజ్జిగ. అది నాతోనే ఉంటుంది.

అందుకే అడుగుతున్నా.

ఆ ఇంటికి వెళ్లండి. అశ్విని దగ్గర కాసేపు కూర్చోండి. అన్నం తిన్నావా అని అడగండి.

గోలి మాట మాత్రం ఎత్తకండి. ఎందుకు ఇచ్చింది, ఎప్పుడు ఇచ్చింది, ఏమీ వద్దు. ఆ ప్రశ్న ఎవరినైనా అడక్కుండా ఉండలేకపోతే, నా నంబర్ మీ అందరి దగ్గరా ఉంది.

అక్కా, కోడలి ఫికర్ పెట్టుకోకు.

నీ ఆత్మ చల్లగా ఉండాలి. ఉంటాను.