మేనత్త పిస్తోలుకు నేను తెచ్చిన మెరుపు

మా మేనత్త దగ్గరున్న పాత పిస్తోలును మహబూబాబాద్‌లో ఒక పెద్దమనిషి సగం ధరకు కాజేయబోయాడని మా చుట్టాలందరూ ఇప్పటికీ అనుకుంటారు. పెళ్లిళ్లలో కలిసినప్పుడు పిల్లలకు కూడా అదే చెబుతున్నారు. అది అబద్ధం. ఆ అబద్ధాన్ని పుట్టించింది నేను. ఆ పెద్దమనిషి పోయిన ఏడు చనిపోయాడు. నిజం మొదటి నుంచీ తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే మిగిలాను కనుక రాసి పెడుతున్నాను.

నేను జనగామలో వ్యవసాయ మోటార్లు బాగుచేసేవాణ్ణి. బడి ఏడో తరగతితో ఆగింది. మిగతా చదువంతా శాఖా గ్రంథాలయంలోనే. సాయంత్రం చేతుల నూనె కడుక్కొని వెళ్లి మూసేదాకా కూర్చునేవాణ్ణి. చరిత్ర, వైద్యం, లోహాలు, నక్షత్రాలు, ఏది దొరికితే అది. ఎవరేం మాట్లాడినా "అది నేను చదివిన" అనడం నాకు అలవాటు.

మేనత్తది కాటారం దగ్గర అడవి అంచు పల్లె. మామ పోయిన తర్వాత ఒకే పొలాన్ని ఏళ్లతరబడి కౌలుకు చేస్తోంది. తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న ఆ ఏడు ఆసామి ఆ పొలాన్ని అమ్మకానికి పెట్టాడు. దసరా వెళ్లి నెల తిరిగేలోపు బయానా ఇస్తే నీకే, లేకపోతే వేరేవాళ్లకు అన్నాడు. అత్త దగ్గర అమ్మదగిన వస్తువు ఒక్కటే ఉంది. మామ ముత్తాత నిజాం ఫౌజులో దఫేదారుగా ఉన్నప్పటి పిస్తోలు. గొట్టం మూతి నుంచి మందు కూరి పేల్చే రకం. ఎప్పుడో పనికిరాకుండా పోయింది. అది పేలదని ఠాణావాళ్లు రాసిచ్చిన కాగితం కూడా దాంతోనే ఉండేది. మహబూబాబాద్‌లో రిటైరైన ఉపాధ్యాయుడొకాయన ఇలాంటి పాత ఆయుధాలను లైసెన్సుతో సేకరించేవాడు. ఏదో పెళ్లికి ఆ పల్లె వచ్చి దాన్ని చూసి, ఎప్పుడు అమ్మినా తనకే ఇవ్వమని మంచి ధర చెప్పి వెళ్లాడు.

అత్త దాన్ని గొంగడి ముక్కలో చుట్టుకొని జనగామ వచ్చిన మర్నాడే సమ్మెకు బస్సులు ఆగిపోయాయి. పట్టాల మీద కూర్చున్న జనం లేస్తేనే రైళ్లు నడిచేవి. మహబూబాబాద్ వెళ్లడం కుదరలేదు.

"నీ కాడనే ఉండనియ్యి అల్లుడా. బతుకమ్మకన్న ఇంట్ల ఉండాలె నేను," అని ఎవరిదో లారీ పట్టుకొని వెళ్లిపోయింది.

దసరా ముందు మా దుకాణంలో పానాలు, సుత్తులు, పటకార్లు అన్నిటినీ కిరసనాయిలులో కడిగి, తోమి, పసుపు కుంకుమలు పెడతాం. మురికి పనిముట్టును పూజలో పెడితే దాన్ని అవమానించినట్టే. అలాంటిది, ఆయుధపూజ నాడు నిజమైన ఆయుధమే నా దగ్గరుండి, అది తుప్పుతో నల్లగా ఉండటమా? పైగా తుప్పు తీయకపోతే లోపలికి పాకుతుందని నేను చదివి ఉన్నాను. ఆ పుస్తకం రోజూ వాడే పనిముట్ల గురించి రాసింది. పాత వస్తువుల సంగతి అందులో లేదు. ఆ తేడా నాకు తట్టలేదు.

రెండు రోజులు కూర్చున్నాను. గొట్టాన్ని కిరసనాయిలులో నానబెట్టి గరుకు కాగితంతో రుద్దాను. పిడి చివరి ఇత్తడిని చింతపండుతో తోమాను. కర్రలో పగులుకు లప్పం పెట్టి వార్నిష్ వేశాను. గొట్టం మీద పురుగులు పాకినట్టు సన్నని గీతలు కనిపించాయి. తుప్పు తిన్న గుంటలనుకొని అవి పోయేదాకా రుద్దాను.

పక్కన పంక్చర్లు వేసే అన్న చూసి నవ్వాడు. "ఏందే, పెండ్లికొడుకు లెక్క తయారు జేసినవ్. గిది పట్టుకొని రోడ్డెక్కితె పోలీసోళ్లు పిస్తోలునిడిచిపెట్టి నిన్ను ఎత్తుకపోతరు."

"సదివి చేసిన అన్నా."

"నువ్వు సదువందేమున్నది తియ్యి!"

సమ్మె సడలాక అత్త వచ్చింది. గొట్టంలో తన ముఖం చూసుకొని మురిసిపోయింది. "గింత మెరుస్తదని మీ మామకు గూడ తెల్వది," అంది. పొద్దుటి రైలెక్కి ఇద్దరం మహబూబాబాద్‌లో దిగాం.

రిటైరైన ఆ సారు తన ఇంట్లో గొంగడి విప్పాడు. కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకొని, కిటికీ వెలుగులో గొట్టాన్ని అటూ ఇటూ తిప్పాడు.

"గీడ ఉర్దూల అక్షరాలుండె. గుర్రపు రిసాలా పేరు, నంబరు. ఏవి?"

నేను కిరసనాయిలు నుంచి మొదలుపెట్టి చెప్పబోయాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు.

"అవ్వా, నేను చూసిన పిస్తోలు గిది కాదు. ఏ ఫౌజుదో, ఏ కాలందో చెప్పే గుర్తే లేకపాయె. చెప్పిన దాంట్ల సగమిస్త. అది గూడ మీ ఇంట్ల కండ్లార చూసిన గనుక. వేరేటోళ్లు నకిలీదంటరు."

అత్తకు కోపం వచ్చింది. "ఎడ్లను అంగడికి తోలేటప్పుడు కడిగి, కొమ్ములకు రంగేసి తోల్తం సారూ. ధర పెరుగుతది గని తగ్గుతదా?"

"ఎద్దు రేపు దున్నాలె అవ్వా. దీన్ని ఇగ ఎవ్వలు పేలుస్తరు?"

తర్వాత నాకేసి తిరిగి నెమ్మదిగా చెప్పాడు. తుప్పు పెరగకుండా మెత్తటి గుడ్డతో పలుచగా నూనె రాయవచ్చు. చీల విరిగితే అదే కాలం నాటిది వెతికి వేసి, వేసినట్టు రాసి పెట్టుకోవచ్చు. అరుదైన వస్తువు మరీ శిథిలమైతే, చెయ్యి తిరిగినవాళ్లు బాగుచేస్తే ఒక్కోసారి విలువ పెరుగుతుంది కూడా. కానీ లోహం మీద ఏళ్లుగా పట్టిన రంగు, కర్ర మీద చేతుల మరక, చెక్కిన గుర్తులు పోతే ఎవరూ తిరిగి తేలేరు.

అది నిజమని వింటుండగానే నాకు తెలిసింది.

అత్త పిస్తోలును మళ్లీ చుట్టేసింది. స్టేషన్లో బల్ల మీద కూర్చున్నాక అడిగింది. "నువ్వు సదువుకున్నోనివి. నిజం చెప్పు అల్లుడా. మోసం జేస్తుండా?"

"లేదత్తా, నేనే చెడగొట్టిన" అంటే సరిపోయేది. నేను అలా అనలేదు.

"ఏమో అత్తా. గిసొంటోళ్లు గట్లనే అంటరు," అన్నాను.

"నేను గట్లనే అనుకున్న," అంది.

హైదరాబాద్‌లో ఇద్దరికి చూపిస్తే ఆ సగం కూడా ఇస్తామనలేదు. గడువు దాటింది. పొలం వేరేవాళ్ల పేరు మీదికి పోయింది. మరుసటి వానాకాలం అదే మడిలో అత్త కూలికి నాటు వేసింది. రాష్ట్రం వచ్చిన రోజు జనగామ చౌరస్తాలో అందరితోపాటు నేనూ ఎగిరాను. ఇంటికొచ్చి అత్తకు ఫోన్ చేయబోయి, మోగకముందే పెట్టేశాను.

ఆ తర్వాత పురావస్తువుల మీద పుస్తకమొకటి వెతికి చదివాను. సారు చెప్పినవన్నీ అందులో ఉన్నాయి. నా గ్రంథాలయంలోనే, నేను రోజూ కూర్చునే కుర్చీకి ఎదురుగా ఉండేది.

సారు పోయాడని తెలిశాక ఇక ఆగలేకపోయాను. భూపాలపల్లిలో బస్సు మారి కాటారం వెళ్లాను. అత్త గడప దగ్గర మిరపకాయల తొడిమలు తీస్తోంది. అంతా చెప్పాను. ఆమె చేతులు ఆగలేదు.

"గా స్టేషన్ల అడిగినప్పుడు నీకెరుకేనా?"

"ఎరుకే అత్తా."

అప్పుడు చేతులు ఆగాయి.

"తోముడుకేమున్నది, పండుగకు నేనైనా తోముదును. గని గప్పుడే చెప్తే ఎనుకకు పోయి సగానికే ఇచ్చి వద్దును గదరా! సగం బయానకు గూడ ఆసామి ఒప్పుకున్నడు. మోసగానికి ఇయ్యద్దని నేనే పంతం పట్టిన."

ఈ సంగతి నాకు అప్పటిదాకా తెలియదు. గరుకు కాగితంతో ఆమె పొలం పోగొట్టానని ఇన్నేళ్లూ బాధపడ్డాను. స్టేషన్లో ఆ మాట ఒక్కటి అనకుండా ఉంటే ఆ పొలం ఆమెదే అయ్యేది.

పుస్తకాల చివర సాయం చేసినవాళ్లకు పేరుపేరునా కృతజ్ఞతలు చెబుతారు. మావాళ్లు పేర్లు వద్దన్నారు కనుక వరసలతో చెబుతున్నాను. ఆ పురావస్తువుల పుస్తకాన్ని గడువు దాటినా నా దగ్గరే ఉండనిచ్చిన గ్రంథాలయం మేడానికి. ఈ కాగితాలు చదివి, నన్ను నేను తక్కువ తిట్టుకున్న చోట గీత పెట్టిన పంక్చర్ల అన్నకు. తనకు నష్టమని తెలిసీ సగం ధర ఇస్తానన్న సారుకు, ఆలస్యంగా. ఇక అత్తకు. ఇదంతా చదివి వినిపించి, ఆమెకు కూడా చెప్పబోయాను.

"ఉన్నదున్నట్టు రాసినవ్. ఇగ జరుగు, కైకిలికి పొద్దుపోతది," అని కొడవలి తీసుకొని కూలికి ఆ పొలం వైపే వెళ్లింది.